కాశీ కంతులు

రామకుప్పం మండలంలో కంతు అంటే బ్యాంకు అప్పు ఒక్కటే కాదు. స్టీలు సామాన్లకి కంతు ఉంటుంది. చీరలకి ఉంటుంది. యాత్రలకీ ఉంటుంది. నెలకి వెయ్యో పదిహేను వందలో కట్టుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి రామేశ్వరమో, షిరిడీయో, కాశీయో చూసి రావచ్చు. ఇది చీటీ కాదు. పాట ఉండదు, వడ్డీ ఉండదు, రసీదు కూడా ఉండదు. ఒక మనిషి, ఆయన చేతిలో ఒక నోటుబుక్కు, కట్టిన ప్రతి వెయ్యి పక్కనా ఒక సంతకం.

ఆ కంతులు కట్టేవాళ్లలో ఎక్కువ మంది యాభై దాటిన ఆడవాళ్లు. మల్బరీ ఆకు కోసి పురుగులకు మేత వేసి, పాలు పిండి సెంటర్లో పోసి, టమాటా తోటల్లో కూలికి పోయి సంపాదించిన దాంట్లోంచి తీసి కడతారు. పట్టుపురుగుకి ఆదివారం తెలీదు, ఆవుకి పండగ తెలీదు. వారం రోజులు ఇల్లు వదిలి ఎక్కడికైనా పోవాలంటే దానికి దేవుడి పేరు ఉండాల్సిందే. ఊరికే తిరిగి వస్తానంటే నవ్వుతారు. కాశీకి పోతానంటే కొడుకే రైలుదాకా వచ్చి ఎక్కిస్తాడు. కాబట్టి వీళ్ల సెలవులన్నీ తీర్థయాత్రల పేరు మీదే సాగుతాయి.

2019 కార్తీకంలో అలాంటి కాశీ కంతు ఒకటి మొదలైంది. ముప్పై రెండు మంది. నెలకి వెయ్యి చొప్పున పన్నెండు కంతులు. 2020 కార్తీకంలో ప్రయాణం. కాశీ, ప్రయాగ, గయ చూపించి ఇంటికి చేర్చే పూచీ కంతులాయనది. ఉప్మా, పులిహోర చేసిపెట్టే వంటమనిషి కూడా వెంట వస్తాడు. ఆయన అంతకుముందు షిరిడీకీ రామేశ్వరానికీ జనాన్ని తీసుకుపోయి వచ్చినవాడే. ఊళ్లో మాట పోగొట్టుకున్న మనిషి కాదు.

ఆ ముప్పై రెండు మందిలో ఒకావిడకి అప్పటికి అరవై నాలుగేళ్లు. భర్త పోయి నాలుగేళ్లయింది. గయలో ఆయన పేరు చెప్పించాలన్నది మొక్కు. గంగలో మునగాలన్నది కోరిక. బెంగళూరు ఎలా ఉంటుందో కొడుకు అక్కడ పనిచేస్తాడు కాబట్టి రెండుసార్లు చూసింది. అంతకు మించి రాష్ట్రం దాటింది లేదు. ఆమెకి వితంతు పింఛను వచ్చేది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్‌లో అది నెలకి 2,250 రూపాయలు. 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీరు ఒకటో తేదీన ఇంటికే తెచ్చిచ్చేవాడు. అందులో వెయ్యి కాశీకి, మిగతాది బీపీ మాత్రలకీ మనవళ్ల చేతి ఖర్చుకీ పోయేది.

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలంటారు. ఆమె ఏం వదలాలో ముందే తేల్చేసింది. అనపకాయ. చిత్తూరు, కోలారు వైపు పుట్టినవాళ్లకి ఆ మాట బరువేమిటో తెలుసు. సంక్రాంతి రోజుల్లో అనపగింజలు నానబెట్టి, తోలు పితికి చేసే పితికిపప్పు కూర లేకుండా చలికాలం గడవడమంటే మాటలు కాదు. "ఈ యేడాదికి ఇదే ఆఖరు" అని 2020 సంక్రాంతికి కడుపునిండా తినింది కూడా.

ఉగాదికి ముందే ఐదు కంతులు అయిపోయాయి. ఇంకా ఏడు.

ఆ ఏడాది ఉగాది మార్చి 25. లాక్‌డౌన్ మొదటి రోజూ అదే. అంతకు ముందు 22న జనతా కర్ఫ్యూ నాటి నుంచే ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. కుప్పం స్టేషన్ నుంచి తెల్లారి బెంగళూరు రైలెక్కి రాత్రికి తిరిగొచ్చే కూలీలు, మేస్త్రీలు, సెక్యూరిటీ గార్డులు అందరూ ఇంటిపట్టున పడ్డారు. ఆమె కొడుకు కూరగాయల లారీలో ఇల్లు చేరాడు. చేతిలో పని లేదు, మోటారుసైకిలు మీద అప్పు ఉంది. పట్టుగూళ్లని మార్కెట్టుకి తీసుకుపోయే దారి లేదు, తీసుకుపోయినవాళ్లకి ధర లేదు.

ఏప్రిల్ 4న ప్రభుత్వం తెల్లకార్డు ఇళ్లకి వెయ్యి రూపాయలు పంచింది. సరిగ్గా ఒక కంతు అంత. ఆ వెయ్యి కాశీకి పోలేదు. నూనె, చక్కెర, పిల్లల బిస్కెట్ల కింద నాలుగు రోజుల్లో కరిగిపోయింది. జన్‌ధన్ ఖాతాల ఆడవాళ్లకి కేంద్రం మూడు నెలలు ఇచ్చిన ఐదేసి వందలూ అదే దారి పట్టాయి.

ఏప్రిల్ కంతుకి ఎవరూ రాలేదు. మే మొదట్లో ఫోనొచ్చింది. రెండు నెలలదీ కలిపి కట్టాలనీ, కార్తీకానికి అన్నీ సర్దుకుంటాయనీ, ఇప్పుడు ఆపితే ప్రయాణమే ఆగిపోతుందనీ కంతులాయన చెప్పాడు.

ఆ రాత్రి ఇంట్లో మాటలు నడిచాయి. కోడలు డిగ్రీ చదివిన పిల్ల. అంతకు ముందు వారమే వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు సరిహద్దు రోడ్ల మీద అడ్డంగా గోడలు కట్టించారు. నలుగురూ నవ్వాక మళ్లీ వాళ్లే పడగొట్టించారు. ఆ వార్త ఇంకా నోళ్లలో నానుతూనే ఉంది.

"పక్క ఊరికి పోకుండా గోడలు కడతా ఉండారత్తా. నువ్వు కాశీకి కంతు కడతానంటావు" అంది కోడలు.

"తిరుమలలోనే తలుపులేసినారు. కాశీలో ఎవురు తెరుస్తారుమా?" అన్నాడు కొడుకు. ఆ మాట ఆమెకి బాగా తగిలింది. తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేయడమనేది చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్ల ఊహకి అందని సంగతి. మార్చి 20న ఆపారు, మామూలు జనానికి మళ్లీ దర్శనం దొరికింది జూన్ 11న.

కోడలు ఒక దారి చెప్పింది. "డబ్బు వద్దనలేదత్తా. ఇంట్లోనే డబ్బాలో ఎత్తిపెడదాం. రైళ్లు తిరిగినప్పుడు ఒక్కసారే ఇచ్చేద్దాం."

"ఇంట్లో ఉండే డబ్బు ఎవురిది?" అని అడిగింది అత్త.

దానికి కోడలు దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా లేదు. ఇంట్లో ఉన్న డబ్బు ముందుగా ఎవరికి అవసరం వస్తే వాళ్లది. జ్వరం వచ్చిన పిల్లాడిది, దాణా అయిపోయిన ఆవుది, కంతు తప్పిన మోటారుసైకిలుది. ముసలామె గంగాస్నానం ఆ వరసలో ఎప్పుడూ చివరే. ఆడవాళ్లు వడ్డీ లేకపోయినా, రసీదు ఇవ్వకపోయినా డబ్బు తీసుకెళ్లి ఇంకొకరి నోటుబుక్కులో దాచుకునేది అందుకే. అవసరం కంట పడకముందే అది గడప దాటిపోవాలి. ఆర్థిక నిపుణులు దీన్ని తెలివితక్కువతనం అనవచ్చు గానీ, పదిమంది ఉన్న ఇంట్లో తనకంటూ ఒక వెయ్యి మిగుల్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

కొడుకు బండి అప్పు సంగతి వేరు. మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలు కంతులు ఆపుకోవచ్చంది. మే నెలలో దాన్ని ఆగస్టు 31 వరకూ పొడిగించింది. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుందని చిన్న అక్షరాల్లో చెప్పింది. కాశీ కంతులకి మారటోరియం ప్రకటించే బ్యాంకు లేదు. ఆ పని ఆ ముప్పై రెండు మందే చేసుకోవాలి.

కోడలు అంతటితో ఊరుకోలేదు. లెక్క వేసింది. ముప్పై రెండు మంది, ఐదేసి వేలు, మొత్తం లక్షా అరవై వేలు. రైలు టికెట్లు అప్పట్లో నాలుగు నెలల ముందునుంచే ఇచ్చేవారు. నవంబరు ప్రయాణానికి జూలైలో గానీ కొనడానికి వీల్లేదు. అంటే ఆయన టికెట్లకి ఇంకా రూపాయి పెట్టలేదు. "మన కాశీ డబ్బు ఇప్పుడు యాడుండాదో అడుగత్తా" అంది. ఇది అడగాల్సిన ప్రశ్నే. చీటీ డబ్బు మూటకట్టుకుని రాత్రికి రాత్రి ఊరొదిలిన వాళ్ల కథలు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి.

పాల సెంటర్ దగ్గర చీర కొంగులు మూతికి కట్టుకుని ఆరుగురు ఆడవాళ్లు ఆయన్ని నిలబెట్టి అడిగారు. ఆయన అబద్ధం ఆడలేదు. పోయినసారి షిరిడీ యాత్రలో బస్సు బాకీ మిగిలితే ఈ డబ్బులోంచి కొంత కట్టాడు. ఎప్పుడూ జరిగేదే అది. కొత్త యాత్ర డబ్బు పాత యాత్ర బాకీ తీరుస్తుంది, తర్వాత వచ్చే యాత్ర దీన్ని నడుపుతుంది. బండి కదులుతున్నంత కాలం ఎవరికీ తెలీదు. ఇప్పుడు బండి ఆగింది. "మీరందరూ ఒక్కసారి ఆపేస్తే, మానుకునేవాళ్లకి తిరిగిచ్చేదానికి గూడా నా దగ్గర లేదక్కా" అన్నాడు.

దాంతో చిక్కు ఇంకో రకంగా మారింది. కంతు కట్టడమంటే కాశీకి పోవడం ఒక్కటే కాదు, మానుకునేవాళ్ల డబ్బు వాళ్లకి చేరేలా చూడటం కూడా. ఆపితే ఆ మనిషి మునుగుతాడు, ఆయనతోపాటు కట్టిన ఐదువేలూ మునుగుతాయి. కడితే ఎప్పుడు పోతుందో తెలియని రైలుకి పింఛనులో సగం సమర్పించుకోవాలి.

పెద్ద ఊళ్లలోనూ అప్పుడు ఇదే రభస. ఆమె మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్లాం పిల్లల్ని సింగపూరు తీసుకుపోదామని విమానం టికెట్లు ముందే కొన్నాడు. విమానాలు ఆగాక డబ్బు అడిగితే, అంత విలువకి మరోసారి తిరగమని కంపెనీ ఒక కాగితం చేతిలో పెట్టింది. ఐరోపాలో ఏడు రోజుల్లో డబ్బు వెనక్కివ్వాలని చట్టమే ఉన్నా అక్కడి కంపెనీలూ అలాంటి కాగితాలే అంటగట్టాయి. మన దేశంలో సంగతి సుప్రీంకోర్టు దాకా పోయి 2020 అక్టోబరు 1న తేలింది. లాక్‌డౌన్ రోజుల్లోనే కొన్న టికెట్లకి డబ్బు తిరిగివ్వాలి. అంతకు ముందు కొన్నవాళ్లకి వెంటనే ఇవ్వలేకపోతే 2021 మార్చి 31 వరకూ క్రెడిట్ షెల్‌లో ఉంచవచ్చు, అప్పటికీ వాడుకోకపోతే డబ్బే ఇవ్వాలి. రైల్వే మాత్రం పేచీ లేకుండా రద్దయిన రైళ్ల టికెట్లకి మొత్తం సొమ్ము వాపసు ఇచ్చింది. కౌంటర్లో కొన్నవాళ్లకి గడువుని పెంచుకుంటూ తొమ్మిది నెలల వరకూ తీసుకుపోయింది.

మేనల్లుడు ఫోన్లో ఇదంతా చెబితే ఆమె ఒకటే అడిగింది. "ఆ కాగితం ఎన్నాళ్లుంటాదిరా?" ఏడాది అన్నాడు. "నీకు బాగానే ఉంటాది నాయనా" అందామె. ముప్పై అయిదేళ్లవాడికి వచ్చే ఏడాది అంటే మరో ఏడాది, అంతే. మోకాళ్లు అరిగిన మనిషికి వచ్చే ఏడాది అంటే కాశీ మెట్లు దిగగలుగుతుందో లేదో తెలియని ఏడాది. ఏ కోర్టూ ఆ తేడాకి వడ్డీ కట్టలేదు.

పాల సెంటర్ దగ్గర చివరికి తేలింది ఇది. మానుకునే వాళ్లకి ఆయన ముందు తిరిగివ్వాలి, కొంచెం కొంచెంగా అయినా సరే. ఉండేవాళ్లు ఇచ్చింది వెనక్కి అడగరు. అలాగని రైళ్లు మామూలుగా తిరిగేదాకా కొత్త కంతు కట్టరు. ఎవరు ఎంత కట్టారో ఆయన నోటుబుక్కులోనే కాదు, వాళ్ల వాళ్ల ఇంటి క్యాలెండరు వెనక కూడా రాసి సంతకం పెట్టాలి. ఆ ఆఖరిది కోడలి షరతు. పదకొండు మంది మానుకున్నారు. ఆయన ఒక ఆవుని అమ్మి, రెండు మూడు దఫాలుగా దీపావళి లోపల వాళ్ల డబ్బు వాళ్లకి ముట్టజెప్పాడు.

ఆమె ఉండిపోయింది. ఆరో కంతు కట్టలేదు. తను చెప్పినట్టే ఇంట్లో మిగిలిన వెయ్యి ఇంట్లో నిలవలేదు. జూలైలో పెద్దమనవడికి ఆన్‌లైన్ క్లాసులన్నారు. నాలుగు నెలల కాశీ డబ్బు ఒక సెల్‌ఫోన్‌గా మారింది. దాని గురించి ఆమె ఎప్పుడూ ఎవరినీ ఏమీ అనలేదు. కోడలు మాత్రం కొన్నాళ్లు ఆ ఫోను ముట్టుకున్నప్పుడల్లా మొహం అదోలా పెట్టేది.

ఆ సెప్టెంబరులో గయలో జరగాల్సిన పితృపక్ష మేళాని బీహారు ప్రభుత్వం రద్దు చేసింది. నవంబరులో తుంగభద్ర పుష్కరాలొస్తే కర్నూలు ఘాట్ల దగ్గర ఎన్నో ఆంక్షలు. కంతు కట్టి ఉన్నా ఆ కార్తీకంలో వెళ్లి ఉండేవాళ్లు కాదని అందరికీ అర్థమైంది. "పూర్వం కాశీకి పోయినోడు కాటికి పోయినోడు ఒకటేననేవాళ్లు, ఇప్పుడు నిజమయ్యేది" అని నవ్వుకున్నారు. పూర్వం ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, బోయీలు మోసే పల్లకీలో తిరుపతి, హైదరాబాదు మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరు 3న గానీ మళ్లీ ఇల్లు చూడలేదు. పదిహేను నెలల ప్రయాణం. వీళ్లది బయల్దేరకుండానే అంతకు రెండింతలకు పైగా సాగింది.

2021 సంక్రాంతికి అనపకాయలు వచ్చాయి. తినాలా వద్దా అని ఒక పూట తర్జనభర్జన జరిగింది. వదిలేస్తానన్నది కాశీలో, కాశీకి ఇంకా పోలేదు కాబట్టి తినొచ్చని మనవడు తీర్పు చెప్పాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

రెండో వేవ్ మార్చి చివర నుంచి ముదిరింది. మేనల్లుడి విమానం కాగితం గడువూ అప్పుడే వచ్చింది. మే నెలలో కాశీ గుంపులోని ఒకావిడ పోయింది. యాభై ఎనిమిదేళ్లు. ఆక్సిజన్ పడక కోసం తిరిగి తిరిగి, దొరికాక రెండు రోజులు కూడా ఉండలేదు. దినాలు అయిన నాలుగో రోజు కంతులాయన వాళ్లింటికి పోయాడు. వరండాలో కూర్చుని నోటుబుక్కు తెరిచి, ఆమె పేరు దగ్గర వేలు పెట్టి చూపించి, ఐదు వేలు కొడుకు ముందు పెట్టాడు. అమ్మ కాశీకి డబ్బు కడుతోందని ఆ కొడుక్కి అప్పటిదాకా తెలీదు. ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అతను డబ్బు కాసేపు ముట్టుకోలేదు. తర్వాత తీసుకుని, అందులోంచి వెయ్యి వెనక్కిచ్చి, మీరు పోయినప్పుడు ఆమె పేరు మీద అక్కడ ఒక దీపం పెట్టించండి అన్నాడట.

ఈ కబురు పల్లెలన్నీ తిరిగింది. కంతులాయన మంచితనం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఇంకొకటి మాట్లాడుకున్నారు. క్యాలెండరు వెనక రాసిన లెక్క ఎక్కడుందో కొడుకులకో కోడళ్లకో చెప్పడం మొదలుపెట్టారు. మన కథలో ఆమె కూడా కోడలికి చెప్పింది. ఆ లెక్క రాయించిందే కోడలని అప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

2022లో మళ్లీ కంతులు మొదలయ్యాయి. ఈసారి పన్నెండు వేలు కాదు, పదహారు. కారణం ఆయన అత్యాశ కాదు. యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకి రైలు చార్జీలో సగం తగ్గింపు ఉండేది. పాత లెక్కంతా దాని మీద వేసుకున్నదే. 2020 మార్చి 20న కరోనా పేరు చెప్పి రైల్వే దాన్ని ఆపింది. వృద్ధులు ప్రయాణాలు చెయ్యకుండా ఉండటానికన్నారు. కరోనా తగ్గింది, రైళ్లన్నీ తిరిగాయి, తగ్గింపు మాత్రం తిరిగి రాలేదు. ఆమె పింఛను ఆ ఏడాది జనవరికి 2,500 అయింది, 2023 జనవరికి 2,750. పెరిగిన ఐదు వందలూ తగ్గింపు పోయిన టికెట్టుకి సరిపోలేదు. మిగిలిన పదకొండు వేలు పదకొండు నెలలు కట్టింది. ఈసారి ఇంట్లో ఎవరూ లెక్క అడగలేదు. పింఛను వచ్చిన రోజు కోడలే వెయ్యి తీసి విడిగా పెట్టేది.

ప్రయాణం దగ్గర పడ్డాక మరో పేచీ వచ్చింది. 2023 ఏప్రిల్ 22 నుంచి గంగా పుష్కరాలు. పన్నెండేళ్లకోసారి వచ్చేవి, ఎలాగూ పోతున్నాం కదా, రెండు నెలలాగి పుష్కరస్నానమే చేద్దామని గుంపులో చిన్నవాళ్లన్నారు. మిగిలిన ఇరవై మందిలో ఎనిమిది మంది అటే మొగ్గారు. కాశీ సత్రాల్లో అప్పుడు గదులు దొరకవని, చార్జీ ఇంకా పెరుగుతుందని కంతులాయన భయపెట్టాడు. ఆమెకి భయం పెట్టనక్కర్లేకపోయింది. "ఇంగా వాయిదానా? మీరు ఆగండి, నేను పోతా" అంది. పన్నెండు మంది ఫిబ్రవరిలోనే బెంగళూరులో రైలెక్కారు. ఆ ఎనిమిది మందీ తర్వాత ఏప్రిల్ జనంలో నలిగి వచ్చి, పుష్కరస్నానం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లూ తప్పు చెయ్యలేదు.

ముందు వెళ్లి వచ్చినవాళ్లు చెప్పిన కాశీ వేరు. గుడి చుట్టూ ఇరుకు సందులు, ఎదురొచ్చే ఆవులు, చెయ్యి పట్టుకోకపోతే తప్పిపోతారన్న జాగ్రత్తలు. 2021 డిసెంబరు 13న కారిడార్ ప్రారంభమైంది. గుడి నుంచి గంగ వరకూ ఇళ్లు తీసేసి దారి వెడల్పు చేశారు. 2020లో పోయి ఉంటే ఇంత సుఖంగా నడిచేవాళ్లం కాదని ఒకావిడ అంది. ఆ పాత సందులే చూడాలనుకున్నానని ఇంకొకావిడ అంది. మోకాళ్ల నొప్పి ఉన్నావిడ మాత్రం మొదటావిడతోనే ఏకీభవించింది. గయలో భర్త పేరు చెప్పించింది. కాశీలో, చనిపోయినావిడ కొడుకు ఇచ్చిన వెయ్యితో ఘాటు మీద దీపం పెట్టించారు. ఎవరి చేతితో వదలాలన్నది కాసేపు తేలలేదు. చివరికి కంతులాయనే వదిలాడు.

ఆ రాత్రి కోడలు ఫోను చేసింది. ఆన్‌లైన్ క్లాసులకి కొన్న ఫోనే అది.

"స్నానం అయిందా అత్తా? ఏం వదిలినావు?"

"కాకరకాయ."

"అనపకాయ అన్నావు గదా. కాకరకాయ నువ్వు ఎప్పుడూ తినవే!"

"పంతులు ఇష్టమైందే వదలాలని చెప్పలేదులే" అంది ఆమె. చలి ఎలా ఉంది, మాత్రలు వేసుకున్నావా అని అడగబోయిన కోడలు, నవ్వు ఆపుకోలేక ఫోను మొగుడి చేతికిచ్చింది.